చెక్కగది మాటలు

ట్రంక్ కాల్ అంటే ఇప్పటి పిల్లలకి ఏం చెబితే అర్థమవుతుంది? పొద్దున్నే టెలిఫోన్ ఆఫీసుకి వెళ్ళి నంబరు రాయించి, బెంచీ మీద చోటు పట్టుకుని, పక్కవాళ్ళ కష్టసుఖాలన్నీ విని, తెచ్చుకున్న జంతికలు నమిలి, ఇక కలవదులే అనుకుని లేవబోతుంటే "ఖరగ్‌పూర్, ఖరగ్‌పూర్ ఎవరండీ!" అని కేక. అంతే, చెప్పులు బెంచీ కిందే వదిలేసి పరుగు. మూలన చెక్కతో కట్టిన చిన్న గది, దానికో అద్దం తలుపు. పెళ్ళి కుదిరిందనో, కొడుకు పాసయ్యాడనో చెప్పేవాళ్ళు ఆ తలుపు వెయ్యనే వెయ్యరు. బజారు బజారంతా వినేలా అరిచి చెబుతారు. మరో రకం వాళ్ళు మాత్రం తలుపు గట్టిగా లాక్కుని, గోడవైపు తిరిగి, రిసీవరుకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్ళు. బయట బెంచీ మీదివాళ్ళకి వాళ్ళ వీపు ఒక్కటే కనపడేది.

ఆ మాటలన్నీ తీగల వెంట వెళ్ళిపోయాయని, గాలిలో కలిసిపోయాయని ఊరంతా అనుకుంది. పోలేదు.

వాటిని పట్టుకున్నవాడు డాక్టర్ వల్లభరావు. మూతపడ్డ బందరు పాత టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో తుక్కు కింద అమ్మేయబోతున్న స్విచ్చుల పెట్టెలు చూసి, వాటిలోని వెండి మొనలమీద ఏదో పొర ఉందని ఆయనకే అనుమానం వచ్చింది. మనిషి మాట్లాడినప్పుడల్లా ఆ కరెంటు వణుకు వెండిమీద ఓ పొరగా పేరుకుందట, ఉల్లిపాయ పొరల్లా ఒకదానిమీద ఒకటి. సన్నటి వెలుగు పడితే పై పొర వేడెక్కి, ఒలుచుకుంటూ, ఒలుచుకున్నంతసేపూ పాత మాట పలుకుతుంది. ఆ మాటని మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు. చేసుకోకపోతే మాత్రం అంతే సంగతులు. ఒకసారి ఒలిచిన పొర మళ్ళీ రాదు.

ఆ పాత ఎక్స్‌ఛేంజీలోనే ఇప్పుడు ధ్వనిస్మృతి కేంద్రం ఉంది. ఊళ్ళోవాళ్ళు "పాత గొంతుల ఆఫీసు" అంటారు. అందులో సమాచార రక్షణ విభాగానికి పెద్ద కుముదిని. వయసు అరవై దాటింది. ఎవరి మాట ఎవరు వినొచ్చు, ఎవరు వినకూడదు అన్నది తేల్చడమే ఆవిడ పని. ఆఫీసులో కుర్రకారు వెనకాల "తాళం మేడం" అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. "తాళం లేని ఇంటికి మీరు అద్దెకి వెళ్తారుట్రా?" అని మొహంమీదే అడిగేస్తుంది.

ఆ తాళాలు ఊరికే రాలేదు. మొదటి ఏడాది వల్లభరావు గారి ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. టౌనుహాల్లో ఓ ప్రదర్శన పెట్టించాడు. కుముదిని అప్పుడే కొత్తగా చేరింది. పేర్లు తీసేద్దాం, గొంతులు యంత్రంతో మార్చేద్దాం, ఇక ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది అనుకున్నారు ఇద్దరూ. జనం విరగబడి వచ్చారు. కొన్ని మాటలు విని కడుపుబ్బ నవ్వారు, కొన్ని విని కళ్ళు తుడుచుకున్నారు. అంతలో ఓ మగగొంతు, మార్చిన గొంతే, గుంటూరుకి మాట్లాడుతూ, "పిల్లని తెచ్చుకున్న సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదోయ్, మా ఆవిడే కన్నదని చెప్పాం, కానియ్ నారాయణా!" అంది.

హాలంతా గుర్తుపట్టేసింది. ప్రతి మాట చివరా 'కానియ్ నారాయణా' అనే మనిషి బందరు మొత్తానికి ఒక్కడే ఉండేవాడు, బట్టల కొట్టు గవర్రాజు గారు. గొంతు మార్చారు, పేరు తీశారు, ఊతపదం సంగతి ఒక్కరికీ తట్టలేదు! పోయి ఎన్నేళ్ళో అయిన ఆ మహానుభావుడి కూతురు, రిటైరైన టీచరమ్మ, ముందు వరసలోనే కూర్చుని ఉంది. జనం తలలన్నీ ఆవిడవైపు తిరిగాయి. ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తిన్నగా కుముదిని దగ్గరికి వచ్చింది.

"నన్నొక్క మాట అడగాల్సిందమ్మా," అంది. అరవలేదు, ఏడవలేదు. వెళ్ళిపోయింది.

ఆ మాట కుముదినికి గుండెలో ముల్లులా దిగింది. ప్రదర్శన ఆ రోజే ఆపించింది. వల్లభరావుతో యుద్ధం చేసి కొత్త కట్టుబాట్లు పెట్టింది. ఆ పొరలు వినే ఉద్యోగులు ముందు పేర్లు తెలిసేదాకా మాత్రమే వినాలి. పేర్లు తెలియడం కష్టమేమీ కాదు, ఫలానా మనిషే కావాలని చేసే పీపీ కాల్‌లో ఆపరేటరే అవతలివాళ్ళని పేరు పెట్టి పిలుస్తుంది కదా. పేరు వినపడగానే యంత్రం ఆపి, మాట్లాడుకున్న ఇద్దరినీ, లేకపోతే వాళ్ళ వారసులనీ వెతికి అడగాలి. ఇద్దరూ సరేనంటేనే ఆ మాట బయటికి వస్తుంది. మాట్లాడిన మనిషి బతికుండి వద్దంటే వినకుండానే చెరిపెయ్యాలి. ఇక అన్నిటికన్నా గట్టిది, వినే కుర్చీలో ఉన్నవాళ్ళు అనుమతి రాకముందు సొంతవాళ్ళ మాట వినకూడదు. చెవిలో సొంతవాళ్ళ పేరు పడితే లేచి నిలబడి "నావాళ్ళు" అని పైకి చెప్పి కుర్చీ ఖాళీ చెయ్యాలి. పక్కవాళ్ళు వచ్చి కూర్చుంటారు. ఎందుకు, ఏమిటి అని ఎవరూ అడగరు.

"నా యంత్రానికి చెవులిచ్చాను, నువ్వు దూది పెడుతున్నావు," అని వల్లభరావు ఇప్పటికీ విసుక్కుంటాడు. కానీ ఆదివారాలు చూడాలి ఆ ఆఫీసుని! ఇద్దరూ సరేనన్న మాటలు ఆ రోజే వినిపిస్తారు. ఆమధ్య ఓ ముసలి జంట వచ్చింది. పెళ్ళైన కొత్తలో ఆయన నెల్లూరులో ఉద్యోగం, ఆవిడ ఇక్కడ. అప్పటి కాల్‌లో ఆయన కాస్త ప్రేమగా మాట్లాడి ఉంటాడని ఆవిడ ఆశ. తీరా వింటే కాల్ అంతా అద్దెకి తీసుకున్న ఇంట్లో కుళాయి కారడం గురించే! "అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే," అని ఆవిడ నెత్తి కొట్టుకుంటే, "మరి పక్కన మా ఆఫీసరు నిలబడ్డాడే!" అని ఆయన ఇన్నేళ్ళ తరవాత సంజాయిషీ. వినేవాళ్ళలో చిన్నది, సువార్త, నవ్వు ఆపుకోలేక బయటికి పరిగెత్తింది. అలాంటి రోజున కుముదిని ఇంటికి వెళ్ళేటప్పుడు పాత కాలమంతా వెంట నడిచి వస్తున్నట్టుండేది. ఆ కాలంలో మనుషులు మాట కోసం ఎంత కాచుకునేవాళ్ళో కదా అనిపించేది.

ఆవిడకీ ఓ మాట కోసం కాచుకోవడం తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు.

కుముదిని పుట్టింది బందరులో, పెరిగింది ఖరగ్‌పూర్‌లో. ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ సుగుణ ఆమెని పెద్దమ్మ ఇంటికి పంపేసింది. పెదనాన్న రైల్వేలో పని, ఆయనే వచ్చి తీసుకెళ్ళాడు. ఆ పొద్దున అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. "అమ్మా, వెళ్ళొస్తా" అంటే వెనక్కి తిరగలేదు. దండెం మీద తడిచీర సర్దుతూనే ఉండిపోయింది. స్టేషనుకి రాలేదు. ఆ తరవాత కొన్ని నెలలకే పోయిందని కబురొచ్చింది. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని తన దారిన తను వెళ్ళిపోయాడు. పెద్దమ్మ సామ్రాజ్యం తన ఇద్దరు కొడుకులతో పాటు కుముదినినీ పెంచింది, తిట్టింది, చదివించింది, పెళ్ళి చేసింది. ఏ లోటూ చెయ్యలేదు.

కానీ చుట్టాల నోళ్ళు ఎవరు మూయించగలరు? ఏ పెళ్ళికెళ్ళినా ఎవరో ఒకరు గడ్డం పట్టుకుని, "సుగుణ కూతురివి కదూ? పాపం, నిన్ను వద్దనుకుని పంపేసిందట కదమ్మా!" అనేవాళ్ళు. పెద్దమ్మని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు, "మీ అమ్మకి ఒంట్లో బాగాలేదే, అంతే." ఒక్కసారి మాత్రం నోరుజారి, "ట్రంక్ కాల్ చేసి నీ సంగతి మాట్లాడింది," అంది. ఆ ముక్క పట్టుకునే కుముదిని మళ్ళీ బందరు చేరింది. అమ్మ నన్ను వద్దనుకుందా, లేదా? ఆవిడకి కావలసిందల్లా అదే. ఆ వెండి మొనల్లో ఎక్కడో ఆ కాల్ ఉండకపోతుందా, ఎప్పుడో తగలకపోతుందా అని మనసులో ఓ మూల ఆశ. ఆ ఆశకి అడ్డంగా కట్టుబాటు రాసిందీ తనే.

మే నెల, ఎండ పెళపెళలాడుతోంది. వినేవాళ్ళలో ఒకాయన సెలవు పెడితే ఆ పూటకి కుముదినే కుర్చీలో కూర్చుంది. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద కుట్టుమిషను తొక్కుడు పలకలాంటిది. అది నొక్కితే వెలుగు నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. ముందు కాసేపు బుసబుస. తరవాత ఎక్కడో దూరంగా ఆపరేటరు గొంతు. అలసిపోయిన ఆడగొంతు, అయినా ఎంత మర్యాద!

"బందరు... బందరు... ఖరగ్‌పూర్ కలిసిందమ్మా, లైన్లో ఉండండి. హలో ఖరగ్‌పూర్, పీపీ కాల్. సామ్రాజ్యం గారు, రైల్వే క్వార్టర్సు సామ్రాజ్యం గారు వచ్చారా? వచ్చారా అండీ? మాట్లాడండమ్మా."

పేరు వినపడింది. కాలు తియ్యాలి. ఇన్నేళ్ళుగా అందరికీ నేర్పింది అదే. ఆ కాలు కదల్లేదు.

"అక్కా, నేనే."

అప్పుడు తీసింది.

లేచి నిలబడింది. "నావాళ్ళు," అంది. ఆ మాట ఆవిడ నోట వినడం అక్కడందరికీ అదే మొదటిసారి. అవతలి బల్ల దగ్గర్నుంచి సువార్త గబగబా వచ్చి, ఏమీ అడక్కుండా, కుర్చీ జరుపుకుని కూర్చుంది. కుముదిని గోడ పట్టుకుని నిలబడిపోయింది. చెవుల్లో ఇంకా ఆ గొంతు గింగురుమంటోంది.

వేడెక్కిన పొర ఎక్కువసేపు నిలవదు. సాయంత్రానికల్లా దానంతటదే రాలిపోతుంది. ఈలోపలే అడగాలి. అడిగేవాళ్ళూ సొంతవాళ్ళు కాకూడదు కాబట్టి సువార్తే ఖరగ్‌పూర్‌కి ఫోన్ చెయ్యడానికి లోపలి గదిలోకి వెళ్ళింది. సంగతి తెలిసి వల్లభరావు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో సగం తిన్న బందరు లడ్డు అలాగే ఉంది.

"మీ అమ్మగారా? ఎంత అదృష్టం కుముదినీ! వారసురాలివి నువ్వే, నీ సగం నువ్వు సరేనన్నట్టే. మీ పెద్దమ్మ కాదంటుందా? నిన్ను పెంచిన మనిషి!"

"ఎందుకంటుంది సార్," అంది కుముదిని. తన నవ్వు తనకే వింతగా అనిపించింది. ఎన్నాళ్ళ తరవాతో మనసు పసిపిల్లలా గంతులేస్తోంది. అమ్మ గొంతు అంత చిన్నదిగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

సువార్త తలుపు తీసుకుని వచ్చింది. కళ్ళెత్తి చూడలేదు.

"వద్దన్నారు మేడం."

"సరిగ్గా చెప్పావా? ఎనభై ఎనిమిదేళ్ళావిడ, చెవుడు..."

"రెండుసార్లు చెప్పాను మేడం. బాగానే అర్థమైంది ఆవిడకి. 'తొందరగా చెరిపెయ్యండమ్మా, మీ పుణ్యముంటుంది' అన్నారు."

కుముదినికి ఒళ్ళు మండిపోయింది. అడగకూడదు, ఆ సంగతి తెలుసు. అయినా వరండాలోకి వెళ్ళి ఫోన్ కలిపింది.

"పెద్దమ్మా, ఎందుకు వద్దన్నావు?"

"నువ్వా! ఆ పిల్ల సువార్తట, ఎంత మర్యాదగా అడిగిందే. నువ్వు మాత్రం అడగకూడదని కూడా చెప్పింది. అది నువ్వు పెట్టిన రూలేనటగా?"

"రూలు గంగలో కలవనీ. అవి మా అమ్మ మాటలు."

"మీ అమ్మవే. నాతో చెప్పుకున్న మాటలు. నీతో చెప్పుకున్నవి కావు."

"నన్నెందుకు పంపేసిందో అందులో ఉందిగా?"

"ఉంది," అంది సామ్రాజ్యం.

"మరి? చుట్టాలంతా ఇన్నేళ్ళూ నా మొహంమీద ఏమన్నారో నీకు తెలీదూ? కడుపులో పెట్టుకుని తిరగలేక చచ్చాను. నేను అరవై దాటినదాన్ని పెద్దమ్మా! ఇంకా చిన్నపిల్లననుకుంటున్నావా?"

"నువ్వు పెద్దదానివే. మీ అమ్మకే ఇరవై ఎనిమిది. ఇప్పటికీ ఇరవై ఎనిమిదే."

అవతల పెద్దమ్మ మంచినీళ్ళు తాగిన చప్పుడైంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో ఆ పెళుసుతనం లేదు.

"వినవే కుముదం. అది ఆ రోజు చెక్కగదిలో తలుపేసుకుని ఏడ్చింది. మీ నాన్నకి చెప్పలేదు, మీ నాయనమ్మకి చెప్పలేదు. 'అక్కా, ఇది కుముదానికి ఎప్పటికీ తెలీకూడదు' అని ఒట్టేయించుకుంది. నేను ఊఁ అన్నాను. అది పోయింది కదా, ఇంకెవరడుగుతారులే అని ఇప్పుడు ఆ తలుపు తీసెయ్యమంటావా? నా వల్ల కాదు."

"ఒక్క మాట చెప్పు. వద్దనుకుందా నన్ను?"

"ఛీ, నోర్ముయ్! ఏం మాటే అది! వద్దనుకున్న పిల్ల కోసం ఎవత్తైనా ఒళ్ళు కాలిపోతుంటే పొద్దున్నించి ఆ బెంచీ మీద కూర్చుంటుందిటే? అందరూ చూశారది, దాచేదేం లేదు, అందుకే చెబుతున్నాను. ఆపైన నన్నడక్కు." ఫోన్ పెట్టేసింది.

కుముదిని వరండాలోనే చాలాసేపు నిలబడింది. కోపం, జాలి, ఏది ఏదో తెలియని ఏడుపు. ఆ మనిషి ప్రేమ సంగతి తెలుసు, మొండితనం సంగతీ తెలుసు. వద్దనుకోలేదు అని తెలిసింది, చాలదా? చాలలేదు. గుక్కెడు నీళ్ళు పోసి చెంబు లాక్కున్నట్టుంది.

లోపలికి వస్తే వల్లభరావు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. సువార్త కుర్చీలోంచి లేవలేదు.

"ఒక మాట చెబుతాను, కోప్పడకు," అన్నాడాయన మెల్లగా. "మీ పెద్దమ్మకి లైను కలవలేదని రాద్దాం. మనం ముగ్గురమే ఉన్నాం. ఎన్నో గొంతులు నీ కట్టుబాటు కింద పోయాయి, నేను ఒక్కదానికీ అడ్డం రాలేదు. ఇది మాత్రం పోనివ్వలేకపోతున్నాను. నువ్వు విను. తరవాత చెరిపేద్దువు గాని."

"సగం అనుమతితో ఎలా వింటాను సార్?"

"సగం నీదేగా!"

"సగం మాట్లాడుకోవడం అని ఉంటుందా ఎక్కడైనా?"

సువార్త గొంతు సవరించుకుంది.

"మేడం, పోనీ నేను వింటాను. లోపల ఏముందో మీకు ఒక్క ముక్క చెప్పను, ప్రభువు మీద ఆన. విని బయటికొచ్చి తలూపుతాను. మీరు ఇన్నాళ్ళూ బాధపడ్డట్టు కాదు అని, అంతే. తలూపితే తప్పేముంది మేడం?"

ఆ పిల్ల కళ్ళు నిండి ఉన్నాయి. ఆ ఒక్క తలూపు కోసం కుముదిని ప్రాణం ఎంత కొట్టుకుందో ఆవిడకే తెలుసు. సరేనని నోటిదాకా వచ్చింది కూడా. కానీ అప్పుడు ఈ సువార్తకి అమ్మ ఏడుపు తెలుస్తుంది. రేపట్నుంచి రోజూ ఈ బల్ల దగ్గర ఎదురుపడుతుంది. అమ్మ ఎవరికీ కనపడకుండా గోడవైపు తిరిగి చెప్పుకున్నది పరాయిపిల్ల కళ్ళల్లో తనకి కనపడుతూనే ఉంటుంది. గవర్రాజు గారి కూతురు ఆ రోజు హాల్లో తనవైపు తిరిగిన తలలన్నిటినీ ఎలా మోసిందో మొదటిసారి తెలిసొచ్చింది. నన్నొక్క మాట అడగాల్సిందమ్మా అంది ఆవిడ. ఇక్కడ అడగడమూ అయింది, జవాబు రావడమూ అయింది.

"లేమ్మా," అంది కుముదిని. "చెరపాల్సింది నేనేగా. నా పని నన్ను చెయ్యనీ."

చెరపడానికి వేరే మీటేదీ లేదు. అదే యంత్రం, అదే వెలుగు. హెడ్‌ఫోన్ల తీగ పీకేసి, రికార్డు ఆపేసి, తొక్కుడు పలక నొక్కి ఉంచడమే. పొర ఒలుచుకుంటుంది, మాట పలుకుతుంది, వినడానికి మాత్రం ఎవరూ ఉండరు. బల్లమీద ఆకుపచ్చ దీపం ఒక్కటే ఉంటుంది. గొంతు హెచ్చితే వెలుగుతుంది, తగ్గితే మసకబారుతుంది. యంత్రం నడుస్తోందని తెలియడానికి పెట్టిన దీపం అది. ఇన్నేళ్ళలో దానివైపు ఎవరూ పట్టించుకుని చూడలేదు.

కుముదిని తీగ పీకి, కొక్కేనికి తగిలించింది. కాలు పెట్టి నొక్కింది.

దీపం వణికింది. గబగబా, చిన్న చిన్నగా. అమ్మ మాట్లాడుతోంది. కుముదిని చూస్తోంది. కాసేపు వెలుగు ఆగి, మరోలా, నిదానంగా వెలిగింది, పెద్దమ్మ కాబోలు. మళ్ళీ ఆ చిన్న వణుకు. ఓచోట చాలాసేపు ఏమీ లేదు, మసక. లైను తెగిందేమో అనుకునేంతలో ఒక్కసారి భగ్గుమని, మళ్ళీ మసక. అక్కడ ఏడ్చిందా? నా పేరు అక్కడ అందా? మధ్యలో ఓ నిలకడైన వెలుగు వచ్చి వెళ్ళింది. టైమైందమ్మా, పొడిగించమంటారా అని ఆపరేటరు అడగడం అదే అయి ఉంటుంది. అమ్మ పొడిగించింది. కాసేపటికి ఆ వెలుగు మళ్ళీ వచ్చింది, అమ్మ మళ్ళీ పొడిగించింది. సువార్త వెనక నిలబడి కుముదిని భుజంమీద చెయ్యి వేసింది. వల్లభరావు అద్దాలు తీసి తుడుచుకుంటూ గోడవైపు తిరిగాడు.

చివర్లో రెండు చిన్న వెలుగులు ఒకదాని వెంట ఒకటి, ఒకరి తరవాత ఒకరు 'ఉంటాను' అన్నట్టు. ఆ తరవాత దీపం ఆరిపోయింది. కాలు తియ్యడానికి కుముదినికి కాసేపు పట్టింది.

సాయంత్రం ఆఫీసు మెట్లమీద కూర్చుంది. సముద్రపు గాలి కొద్దిగా మొదలైంది. ఎదురుగా రోడ్డుమీద ఆడపిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుని, ఎవరితోనో ఏకధాటిగా మాట్లాడుకుంటూ పోతున్నారు. బెంచీ లేదు, కేక లేదు, పరుగు లేదు. వాళ్ళని చూస్తూ ఖరగ్‌పూర్‌కి ఫోన్ కలిపింది. పెద్దమ్మ వెంటనే ఎత్తింది, చేతిలోనే పెట్టుకుని కూర్చున్నట్టుంది.

"చెరిపేశాను పెద్దమ్మా."

"ఊఁ. తిట్టుకున్నావా నన్ను?"

"చాలా."

"తిట్టుకో. వినలేదుగా?"

"లేదు..." అబద్ధం చెప్పలేకపోయింది. "మొదట్లో రెండు మాటలు విన్నాను. కాలు తియ్యడం ఆలస్యమైంది."

అవతల కుర్చీ కిర్రుమంది. "ఏం విన్నావు?"

ఆ అడిగిన తీరుకి కుముదిని ఉలిక్కిపడింది. పొద్దున్నించి తన సంగతే తప్ప ఇంకో సంగతి తట్టలేదు. ఆ కాల్‌కి రెండో మనిషి పెద్దమ్మే. నా చెల్లెలి మాట నాకు వినిపించండి అంటే కాదనే కట్టుబాటు ఏదీ లేదు. అడిగితే వినిపించేవాళ్ళు. అడగలేదు.

"'అక్కా, నేనే' అంది."

"అలాగే అనేది," అంది సామ్రాజ్యం. "పేరు చెప్పేది కాదు. ఇంకెవరు చేస్తారు నీకు అన్నట్టు." తరవాత ఎంతో చిన్నగా, "నాకు దాని గొంతు గుర్తులేదే కుముదం. ఎంత తల్చుకున్నా రావట్లేదు. మొహం వస్తుంది, వాలుజడ వస్తుంది, గొంతు మాత్రం రాదు. ఎలా అంది? గబగబానా, నెమ్మదిగానా?"

"'అక్కా' అని కాస్త సాగదీసింది. 'నేనే' అన్నది మాత్రం చిన్నగా, లోపలికి."

"ఏదీ, ఒకసారి అను."

కుముదిని చుట్టూ చూసింది. సిగ్గేసింది, భయమూ వేసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుంది.

"అక్కా, నేనే."

అవతల ఊపిరి మాత్రం వినపడుతోంది. కుముదిని పిలవబోయి ఆగింది. తరవాత ఖరగ్‌పూర్ నుంచి, ఎప్పుడూ తిట్టడానికే లేచే ఆ గొంతు, తనెప్పుడూ వినని మెత్తదనంతో పలికింది.

"చెప్పవే సుగుణా," అంది సామ్రాజ్యం. "వింటున్నాను."